ఒక ముడి వదులు

ఓడలరేవు ఇసకలో ఇది మూడో ఆదివారం.
గాలిపటమంటే మీరనుకునేది కాదు,
పుల్లా కాగితం తోకా లేవు దీనికి.
గదులు గదులుగా కుట్టిన గుడ్డ,
నోళ్ళు తెరిచి గాలి మింగితే
రెండు మంచాలంత రెక్క.
నాలుగు తాళ్ళు. ముందు రెండూ మోస్తాయి,
వెనక రెండూ ఆపుతాయి.
బదిలీ మీద పోతూ ఇంజనీరొకాయన
పదకొండొందలకి ఇచ్చేశాడు.
ఇంతకు మించి ఏమీ చెప్పలేదు.

అది లేస్తుంది, కొబ్బరి మొవ్వు ఎత్తుకి.
అక్కడ ఒళ్ళంతా వణికి
వెనక్కి నడుస్తుంది.
అవును, వెనక్కే.
పలుపు బిగిసిన దూడ
కాళ్ళు తన్నిపెట్టి జరిగినట్టు జరిగి
వీపు మీద ఇసకలో కూలబడుతుంది.

గాలి లేదన్నాను మొదటివారం.
గాలి ఎక్కువైందన్నాను రెండోవారం.
ఇవాళ పైరగాలి నా పక్కనే నిలబడి
చొక్కా గుండీలు లాగి మరీ చెప్పింది
తన తప్పేం లేదని.

బోర్లించిన పడవ నీడలో
పెమ్మాడి కాసులమ్మ వల బాగుచేస్తోంది.
తలెత్తలేదు.
"గట్టిగా లాగుతున్నావా?"
"పడిపోతుంటే లాగనా మరి?"
"అందుకే పడతంది."

కాలి బొటనవేలికి తగిలించిన వలకన్ను విప్పి లేచింది.
పడవ ముక్కున ఇనపకొక్కేనికి
నాలుగు తాళ్ళ కొసలూ తగిలించి
నన్ను పన్నెండు బారలు వెనక్కి నడిపించింది.
"ఇప్పుడు సమంగా లాగి పట్టు."
పట్టాను.
ముందు తాళ్ళు రెండూ బెత్తెడు పొడుగు.
కొన్నప్పుడు నాలుగూ ఒకటే కొలత.
ఇంజనీరు ఒట్టేసి చెప్పాడు, అబద్ధం కాదు.

"బరువు మోసేది సాగుద్ది," అంది
ఉప్పు ధర చెప్పినట్టు.
"అది సాగితే, మోయనిది
కూచున్నచోటే పొట్టిదైపోద్ది."

పిడి కింద వేలాడే పిల్లతాడుకి
అయిదు ముడులున్నాయి, చింతగింజలంత.
అవి అందానికనుకున్నాను ఇన్నాళ్ళూ.
వెనకతాడు ఉచ్చు మొదటి ముడి మీద
తడిసి ఎండి రాయిలా ఉంది.
కాసులమ్మ గోళ్ళు పెట్టి పీకలేదు.
ఉచ్చు నడుం మీద వేలుంచి వెనక్కి తోసింది, అంతే,
అలిగిన పిల్ల నవ్వేసినట్టు విడిపోయింది.

రెండో ముడి. ఎడమ పిడికీ, కుడి పిడికీ.
వణుకు తగ్గింది, వెనకనడక పోలేదు.
మూడో ముడి. కాస్త నయం.
నేను ఆగలేక అయిదుకి దూకాను.

ఎంత బాగా లేచిందో!
లేచి, పిడి తిప్పితే తిరగలేదు,
ఆపితే ఆగలేదు,
నన్ను అయిదడుగులు ఈడ్చుకుపోయి
సరుగుడు తోపులో తల దూర్చింది.
కొమ్మల్లోంచి గుడ్డ విడిపించడానికి
గంట పట్టింది, ఒక చెప్పు పోయింది.
"ఇందాక నీ చేతిలో ఉన్నది కళ్ళెం కాదు,
కళ్ళెం బొమ్మ," అంది కాసులమ్మ.

నాలుగో ముడి.

ఈసారి వెనకతాళ్ళు గాలిలో
కొంచెం పొట్ట దించి వేలాడాయి,
బట్టలారేసే తాడంత నిమ్మళంగా.
రెక్క నెత్తిమీద నిలబడింది.
ఎడమ అంటే ఎడమ. కుడి అంటే కుడి.
నా మడమలు ఇసకలో రెండు చాళ్ళు దున్నాయి,
ఎవరో దూరపు చుట్టం
చెయ్యి పట్టుకుని రా రా అంటున్నట్టుంది.

"పట్టుకుంటావా?" అన్నాను.
పట్టుకుంది. రెక్క వంక చూడలేదు,
తాళ్ళ వంకే చూసింది.
"మా ఆయన లంగరుతాడు నెలనెలా కొలిచేవాడు," అంది.
కాసేపటికి,
"ఒక నెల కొలవలేదు."
నేనేం అడగలేదు. గాలి కూడా
ఆ మాటని ఎటూ తీసుకుపోలేదు.

పొద్దు వాలాక రెక్క గదుల్లోంచి
దోసెడు ఇసక దులిపి మడత పెట్టాను.
ఆమె మళ్ళీ వలకన్ను వేలికి తగిలించుకుంది.
ఒంటి చెప్పుతో బయల్దేరుతుంటే
వెనకనుంచి పిలిచింది:
"అబ్బాయా, వచ్చే వారం మళ్ళీ కొలు.
ఇయ్యాల మోసింది కదా,
ఇంకాస్త సాగుంటది."